మార్కులు పెరిగాయని రాసే ముందు అడగవలసినవి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా పేజీల్లో ఇటీవల వచ్చిన ఒక వార్త గురించి ఈ లేఖ రాస్తున్నాను. నెల్లూరు జిల్లాలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఒక శిక్షణ సంస్థ వారు పిల్లలకు ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెంచే తరగతులు నడిపారనీ, తరగతులకు ముందు పెట్టిన పరీక్షలోకన్నా తర్వాత పెట్టిన పరీక్షలో మార్కులు బాగా పెరిగాయనీ, దాంతో తమ పద్ధతి శాస్త్రీయంగా రుజువైందని నిర్వాహకులు ప్రకటించారనీ అందులో ఉంది. ఆ వార్త చూసి కావలి, అల్లూరు ప్రాంతాల నుంచి కొందరు తల్లిదండ్రులు ఆ తరగతులకు ఫీజు కట్టవచ్చా అని నన్ను అడిగారు. బీఈడీ విద్యార్థులకు మనోవిజ్ఞాన శాస్త్రం బోధించడం నా వృత్తి. ఆ శిక్షణ మంచిదో కాదో నేను చెప్పలేను. మంచిదే అయి ఉండవచ్చు కూడా. అయితే వార్తలో వివరించిన తీరులో పరీక్షిస్తే ఆ సంగతి నిర్వాహకులకు గానీ, ప్రధానోపాధ్యాయులకు గానీ, మీకు గానీ తెలిసే మార్గం లేదు. ఇది పిల్లల చదువుకూ, రొయ్యల గుంటల దగ్గరా పొలాల్లోనూ కష్టపడి కూడబెట్టిన తల్లిదండ్రుల డబ్బుకూ సంబంధించిన విషయం కాబట్టి కొంత వివరంగా రాయక తప్పదనిపించింది.

ముందుగా ఆ రెండు పరీక్షల సంగతి చూడండి. మీ వార్త ప్రకారమే మొదటి పరీక్ష సంక్రాంతి సెలవుల నుంచి పిల్లలు తిరిగి వచ్చిన కొత్తలో, మధ్యాహ్న భోజనమయ్యాక జరిగింది. రెండోది మార్చి నెలాఖరులో, ఒంటిపూట బడులు మొదలయ్యాక, ఉదయం మొదటి పీరియడ్‌లో జరిగింది. పండుగ సెలవుల్లో పుస్తకం ముట్టని పిల్లవాడు అన్నం తిని కునికిపాట్లు పడే వేళ రాసిన పరీక్షనూ, సంవత్సరాంత పరీక్షల కోసం పునశ్చరణ ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో చల్లటి పొద్దుటిపూట రాసిన పరీక్షనూ పక్కపక్కన పెట్టి, ఆ తేడా అంతా శిక్షణ వల్లే వచ్చిందని ఎలా అనగలం? పైగా రెండుసార్లూ ఇచ్చింది ఒకే ప్రశ్నపత్రం. ఒకసారి చూసిన పత్రాన్ని రెండోసారి చూస్తే ఎవరికైనా కొంత సులువుగానే ఉంటుంది. ఈ మధ్యలో పిల్లల వయసు పెరిగింది, ఉపాధ్యాయులు పాఠాలు చెప్పారు, ఇంటి దగ్గర పరీక్షల భయం మొదలైంది. ఇన్ని కారణాలు ఒకేసారి పనిచేస్తున్నప్పుడు వాటిలో ఒకదాని పేరు మాత్రం ఎంచుకుని ఫలితమంతా దాని ఖాతాలో వేయడం పరిశోధన అనిపించుకోదు.

వార్తలో ఇంకొక వాక్యం ఉంది. మొదటి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన వారినే ప్రత్యేకంగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చామని నిర్వాహకులు గర్వంగా చెప్పుకున్నారు. నిజానికి ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. ఒక రోజు పరీక్షలో అట్టడుగున నిలిచిన పిల్లల్లో నిజంగా వెనుకబడిన వారితోపాటు, ఆ రోజు జ్వరంతో వచ్చినవారూ, రాత్రి ఇంట్లో గొడవ వల్ల నిద్రపోనివారూ, ప్రశ్న తప్పుగా చదువుకున్నవారూ ఉంటారు. మరో రోజు పరీక్ష పెడితే ఏ శిక్షణా లేకపోయినా వీరిలో చాలామంది మార్కులు కొంత పైకి వస్తాయి. అదే విధంగా మొదటిసారి అగ్రస్థానంలో నిలిచిన వారి మార్కులు కొంత కిందికి దిగుతాయి. ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులనూ పిల్లల ఎత్తులనూ పోల్చి చూపిన ఈ లక్షణాన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. అందువల్ల వెనుకబడిన వారిని మాత్రమే ఎంచుకుని వారికి ఏది ఇచ్చినా, అది మంత్రించిన తాయెత్తే అయినా, ఫలితం వచ్చినట్టే కనిపిస్తుంది.

మన జిల్లాలో టెట్‌కూ, డీఎస్సీకీ చదువుతున్న వేలాది యువతీ యువకులకు స్వతంత్ర చరం (ప్రయోగంలో మనం మార్చేది), పరతంత్ర చరం (మనం కొలిచే ఫలితం), జోక్యం చేసుకునే చరం (ఫలితాన్ని మార్చగల ఇతర కారణం) అన్న మాటలు కంఠతా వచ్చు. ఊంట్ 1879లో జర్మనీలోని లీప్‌జిగ్‌లో మనోవిజ్ఞాన ప్రయోగశాల స్థాపించాడన్న బిట్టు అడిగితే నిద్రలో లేపినా జవాబు చెబుతారు. రేపు వారే పాఠశాలల్లో ఉపాధ్యాయులై, ఇటువంటి శిక్షణల ప్రతినిధులు వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుని పక్కన కూర్చుంటారు. పరీక్షకోసం నేర్చుకున్న ఆ మూడు మాటలు ఆ గదిలో వారికి గుర్తుకు రావాలన్నదే నా ఆరాటం. పైన చెప్పిన పరీక్షా సమయం, పునశ్చరణ, ప్రశ్నపత్రపు పరిచయం ఇవన్నీ ఆ జోక్యం చేసుకునే చరాలే. వాటన్నిటినీ లోకంలోంచి తొలగించడం ఎవరి వల్లా కాదు. శిక్షణ ఇచ్చిన గుంపు, ఇవ్వని గుంపు అని రెండు పెట్టి, రెండింటి మీదా అవి సమానంగా పడేటట్లు చూడడం మాత్రం చేతనైన పనే.

ఈ కిటుకు మనోవిజ్ఞానానికి ప్రధానంగా వ్యవసాయం నుంచే వచ్చింది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919 నుంచి పనిచేసిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఎదుర్కొన్న ప్రశ్న మన కోవూరు రైతుకు వెంటనే అర్థమవుతుంది. కాలువ మొదట్లో ఉన్న మడిలో కొత్త వంగడం, నీరందని ఆయకట్టు చివరి మడిలో పాత మొలగొలుకులు వేసి, కొత్తదే ఎక్కువ పండిందని వ్యాపారి చెబితే, మన రైతు నమ్మడు. పండింది గింజ బలమా, నీటి బలమా అని నిలదీస్తాడు. నేలలోని సారం, నీరు, చీడ వంటివన్నీ కొలిచి సరిచేయడం సాధ్యం కాదు కనుక, ఏ మడికి ఏది వేయాలో లాటరీ తీసి నిర్ణయించాలనీ, అప్పుడు మనకు తెలిసిన తేడాలతోపాటు తెలియని తేడాలు కూడా ఏ ఒక్క పక్షానికీ కొమ్ము కాయకుండా చెదిరిపోతాయనీ, మిగిలిన యాదృచ్ఛికపు తేడా ఎంత ఉండవచ్చో లెక్కగట్టవచ్చనీ ఫిషర్ 1925లో, 1935లో ప్రచురించిన గ్రంథాల్లో స్థిరపరిచాడు. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్‌కు ఆయన సన్నిహితుడు. ఆ సంస్థకు వచ్చి వెళ్లాడు కూడా. మనోవిజ్ఞానంలో అంతకు ముందే, 1884 ప్రాంతంలో, అమెరికాలో చార్లెస్ పర్స్, జోసెఫ్ జాస్ట్రో అనే ఇద్దరు బరువుల తేడాను మనిషి ఎంత సూక్ష్మంగా గుర్తించగలడో పరీక్షిస్తూ, ఏ బరువు ముందు ఇవ్వాలో పేకముక్కలు కలిపి నిర్ణయించారు. అంటే ఈ పద్ధతి నిన్నమొన్న పుట్టింది కాదు. ఖరీదైనదీ కాదు. పేర్లు రాసిన చీట్లు ఒక డబ్బాలో వేసి తీయడమే.

ఇక్కడ మన ప్రైవేటు పాఠశాలల అలవాటు ఒకటి అడ్డు వస్తుంది. ఎ సెక్షన్ పిల్లలకు శిక్షణ ఇచ్చి, బి సెక్షన్‌తో పోల్చామని కొందరు నిర్వాహకులు చెబుతారు. పోలికకు ఒక గుంపు ఉన్నందుకు సంతోషించవలసిందే గానీ, మన దగ్గర సెక్షన్లు చాలా చోట్ల మార్కులను బట్టే విడదీస్తారన్నది అందరికీ తెలుసు. ఫీజు కట్టి చేరిన వారినీ, కట్టని వారినీ పోల్చినా ఇదే ఇబ్బంది: పిల్లవాడి చదువు కోసం అదనంగా వేల రూపాయలు కట్టిన ఇంట్లో, సాయంత్రం టీవీ కట్టేసి పక్కన కూర్చుని చదివించేవారు కూడా ఉంటారు. మొదటి రోజునే సమానంగా లేని గుంపులు చివరి రోజున సమానంగా లేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

చరాలను సమం చేయడంకన్నా కష్టమైనది మనుషుల ఆశలను అదుపులో పెట్టడం. ప్రయోగం చేసేవాడు నిజాయితీపరుడైతే చాలునని చాలామంది అనుకుంటారు. చాలదనడానికి బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం కథకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు తన గుర్రానికి కూడికలూ తీసివేతలూ నేర్పాననేవాడు. ప్రశ్న అడిగితే గుర్రం సరైన సంఖ్య వచ్చేవరకు డెక్కతో నేలమీద కొట్టి ఆపేది. 1904లో మనోవిజ్ఞాని కార్ల్ స్టుంఫ్ నాయకత్వంలో నియమించిన సంఘం పరిశీలించి ఇందులో మోసమేమీ లేదని తేల్చింది. నిజంగానే మోసం లేదు. ఆ తర్వాత స్టుంఫ్ శిష్యుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ రెండే రెండు మార్పులు చేసి చూశాడు. అడిగేవాడికే జవాబు తెలియని ప్రశ్నలు వేయించాడు. అడిగేవాడు గుర్రానికి కనబడకుండా చేశాడు. రెండు సందర్భాల్లోనూ గుర్రం లెక్క తప్పింది. ప్రశ్న అడిగిన మనిషి గుర్రం డెక్క వైపు చూస్తూ కొద్దిగా ముందుకు వంగేవాడు, సరైన సంఖ్య రాగానే తనకు తెలియకుండానే తల వెంట్రుకవాసి పైకెత్తేవాడు; గుర్రం ఆ కదలికను చూసి ఆగేది. అంతకన్నా ముఖ్యమైనది, 1907లో ఫుంగ్‌స్ట్ ప్రకటించిన మరో సంగతి: ఈ గుట్టు తెలిసిన తర్వాత కూడా తన తల కదలకుండా ఆపుకోవడం ఆయనకే సాధ్యపడలేదు. జాగ్రత్తగా ఉంటాములే అన్న హామీ అందుకే ప్రయోగంలో పనికిరాదు.

1963లో రాబర్ట్ రోజెంతాల్, కెర్మిట్ ఫోడ్ అనే మనోవిజ్ఞానులు ఇదే సంగతిని ఎలుకలతో చూపారు. 12 మంది విద్యార్థులకు ఒక్కొక్కరికి 5 ఎలుకల చొప్పున ఇచ్చి, సగం మందికి మీవి చురుకైన జాతివనీ, మిగిలినవారికి మీవి మందబుద్ధివనీ చెప్పారు. నిజానికి అన్నీ ఒకే రకం మామూలు ఎలుకలే. అయినా చురుకైనవని చెప్పిన ఎలుకలే దారి త్వరగా నేర్చుకున్నట్టు లెక్కలు వచ్చాయి. ఎలుక విషయంలోనే ఇలా ఉంటే, తాను శిక్షణ ఇచ్చిన పిల్లవాడి ముఖం చూసి, ‘ఇంకోసారి ఆలోచించు నాన్నా’ అని భుజం తట్టే శిక్షకుడు పరీక్ష నిర్వహిస్తే ఫలితం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనవసరం లేదు. వార్తలోని రెండో పరీక్షను నిర్వహించినవారూ, జవాబులు దిద్దినవారూ ఆ శిక్షణ సంస్థ మనుషులేనని మీరే రాశారు.

ఇందుకు విరుగుడు మన ఉపాధ్యాయులకు కొత్త కాదు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో పేపరు దిద్దే చేతికి పిల్లవాడి పేరు, ఊరు, బడి తెలియవు; కోడ్ నంబరు తప్ప ఏమీ కనబడదు. తన బడి పిల్లలకు ఎక్కువ వేస్తారన్న అనుమానంతో ఉపాధ్యాయులను అవమానించడానికి ఆ ఏర్పాటు చేయలేదు. తెలిసిన పేరు, తెలిసిన బడి, మంచి పిల్లవాడన్న అభిప్రాయం దిద్దేవారి మనసు మీద వారికి తెలియకుండానే పనిచేస్తాయి కనుక చేశారు. అమెరికా మనోవిజ్ఞాని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే సైనికాధికారులు తమ కింది వారి గురించి ఇచ్చిన అంచనాలను పరిశీలించి, దేహదారుఢ్యం బాగున్నవాడికి తెలివి, నాయకత్వం, శీలం అన్నింట్లోనూ మంచి మార్కులే పడుతున్నాయని గమనించాడు. ఏటా మండువేసవిలో కోడ్ నంబర్లు వేసిన పేపర్లను కట్టలు కట్టలుగా దిద్దే మన ఉపాధ్యాయులు, తమ బడిలో ఒక శిక్షణను పరీక్షించేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్తను ఎందుకు అడగరన్నది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

శిక్షణ పొందే పిల్లలకు కూడా ఆశలుంటాయి. 1784లో ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ, రోగాలు నయం చేస్తుందంటూ మెస్మర్ అనే వైద్యుడు ప్రచారం చేసిన ‘జంతు అయస్కాంత శక్తి’ని పరీక్షించడానికి బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజియర్ వంటి వారితో ఒక సంఘాన్ని వేశాడు. ఫ్రాంక్లిన్ నివసించిన పాసీలోని తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకు మెస్మర్ శిష్యుడొకడు శక్తిని ఆవాహన చేశాడు. 12 ఏళ్ల కుర్రవాడికి కళ్లకు గంతలు కట్టి, అతనికి తెలియకుండా వేరే చెట్ల దగ్గరికి ఒక్కొక్కదానికీ తీసుకువెళ్లారు. ఆవాహన చేసిన చెట్టుకు దూరంగా ఉన్న నాలుగో చెట్టు దగ్గర ఆ కుర్రవాడు స్పృహతప్పి పడిపోయాడు. అతను నటించలేదు. శక్తి దగ్గరవుతోందన్న నమ్మకమే అతణ్ని పడగొట్టింది. జ్ఞాపకశక్తి తరగతికి వెళ్తున్నానని, ఇంటిల్లిపాదీ తన మీద ఆశ పెట్టుకున్నారని తెలిసిన పిల్లవాడు పరీక్షలో మరికాస్త ఓపికగా కూర్చుంటాడు. ఆ ఓపిక కూడా మంచిదే. కానీ దాన్ని పెంచడానికి అంత ఫీజు అవసరమా అన్నది వేరే ప్రశ్న.

మందుల పరీక్షల్లో దీనికి సులువైన ఉపాయం ఉంది. కోకాకోలా మీద అమెరికా ప్రభుత్వం వేయగా 1911లో విచారణకు వచ్చిన దావాలో, కెఫీన్ మనసు మీద ఎటువంటి ప్రభావం చూపుతుందో తేల్చే పని హ్యారీ హాలింగ్‌వర్త్ అనే మనోవిజ్ఞానికి వచ్చింది. ఆయన 16 మందికి కొన్ని రోజులు కెఫీన్ గొట్టాలూ (క్యాప్సూళ్లూ), కొన్ని రోజులు అచ్చం అలాగే ఉండే పాలచక్కెర గొట్టాలూ ఇచ్చి, ఏ రోజు ఏది మింగుతున్నారో వారికీ, వారిని పరీక్షించేవారికీ కూడా తెలియకుండా చూశాడు. డబ్బు ఇచ్చింది కంపెనీయే కనుక, ఫలితం ఎటు వచ్చినా ప్రచురిస్తానని ముందే ఒప్పందంలో రాయించుకున్నాడు. వందేళ్లు దాటిన ఈ షరతును ఇప్పటికీ ఏ పాఠశాల యాజమాన్యమైనా శిక్షణ సంస్థ ముందు పెట్టవచ్చు.

ధ్యానం, యోగా, జ్ఞాపకశక్తి తరగతుల వంటి వాటిలో ఇంత సులువు కాదని ఒప్పుకోవాలి. గొట్టంలో చక్కెర నింపినట్టు ధ్యానానికి నకిలీ తయారు చేయలేం. తాను కళ్లు మూసుకుని కూర్చున్నానని పిల్లవాడికి తెలియకుండా ఉండదు. అందువల్ల పోల్చే గుంపును ఊరికే వదిలేయకుండా, వారికీ అంతే సమయం, అంతే శ్రద్ధ, అంతే ఉత్సాహం చూపే ఇంకొక పనిని అప్పగించాలి. గ్రంథాలయం పీరియడ్‌లో కథలు చదివించి చర్చించడం అటువంటిది. రెండు గుంపుల పిల్లలూ తమకే మేలు జరుగుతోందని అనుకునేటట్లు ఉండాలి. అప్పుడు కూడా శిక్షణ పొందినవారు ముందంజలో ఉంటే, ఆ శిక్షణలో విషయం ఉందని గౌరవంగా అంగీకరించవచ్చు. ఇంతకన్నా తక్కువ కట్టుదిట్టంతో వచ్చిన ఫలితాన్ని నేను నా విద్యార్థుల ప్రాజెక్టుల్లో కూడా ఒప్పుకోను.

కొలిచే సాధనం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలకు అన్యాయం జరిగేది తరచుగా ఇక్కడే. జ్ఞాపకశక్తి కొలవడానికి అంకెల వరుస చదివి తిరిగి చెప్పమనే పరీక్షను చాలామంది వాడతారు. ఎల్లిస్, హెనెలీ అనే పరిశోధకులు 1980లో బ్రిటన్‌లోని వెల్ష్ భాష మాట్లాడే ద్విభాషీయులను పరిశీలించారు. వెల్ష్ అంకెలు పలకడానికి ఇంగ్లిష్ అంకెలకన్నా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, అదే మనిషి వెల్ష్‌లో తక్కువ అంకెలనూ, ఇంగ్లిష్‌లో ఎక్కువ అంకెలనూ గుర్తుంచుకుంటున్నాడని తేలింది. ఇప్పుడు మన అంకెలు చూడండి: నాలుగు, ఎనిమిది, తొమ్మిది. ‘ఫోర్, ఎయిట్, నైన్’ అని నేర్చుకున్న ఇంగ్లిష్ మీడియం పిల్లవాడికీ, తెలుగులో లెక్కపెట్టే ఉదయగిరి పల్లె పిల్లవాడికీ ఒకే కొలబద్ద పెట్టి, రెండోవాడి జ్ఞాపకశక్తి తక్కువని రాస్తే, మనం కొలిచింది జ్ఞాపకాన్నా, ఉచ్చారణకు పట్టే కాలాన్నా? 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఎత్తి చూపిన లెక్క కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ప్రముఖ మనోవిజ్ఞాన పత్రికల్లోని పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వారు. అక్కడ తయారైన ప్రమాణాలను మన పిల్లల మీద పరీక్షించకుండానే దిగుమతి చేసుకోవడం సరికాదు.

ఇక లెక్కల్లో జరిగేవి. శిక్షణ మధ్యలో మానేసిన పిల్లలు ఎంతమంది, వారి మార్కులు ఏమయ్యాయి అన్నది మీ వార్తలో లేదు. విసుగు పుట్టినవారూ, ప్రయోజనం కనబడనివారూ మానేస్తే, మిగిలినవారి సగటు దానంతటదే పెరుగుతుంది. అలాగే ఎన్ని పరీక్షలు పెట్టారు, వాటిలో ఎన్ని ఫలితాలు ప్రకటించారు అన్నది కూడా తెలియదు. సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ 2011లో చూపినదాని ప్రకారం, ఏ కొలతను ప్రకటించాలి, ఎంతమందిని చేర్చుకున్నాక ఆపాలి వంటి కొన్ని చిన్న నిర్ణయాలను ఫలితాలు చూశాక తీసుకునే స్వేచ్ఛ ఉంటే, లేని ప్రభావం ఉన్నట్టు కనిపించే అవకాశం నూటికి 5 దగ్గర ఆగవలసింది 60 దాటుతుంది. 2015లో బ్రయాన్ నోసెక్ నాయకత్వంలో ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు 100 ప్రచురిత ప్రయోగాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి వాటిలో 97 శాతం విజయవంతమైనట్టు రాసుకున్నారు; రెండోసారి 36 శాతమే గణాంకాల పరీక్షకు నిలిచాయి. ఆ అధ్యయనం తర్వాత కొందరు మనోవిజ్ఞానాన్నే ఎగతాళి చేశారు. నాకు మాత్రం అది గర్వపడవలసిన పని అనిపిస్తుంది. తన పునాదులను తానే బహిరంగంగా తవ్వి చూసుకునే ధైర్యం అన్ని రంగాలకూ ఉండదు. దాని ఫలితంగానే, ఏమి కొలుస్తామో, ఎలా లెక్కిస్తామో ప్రయోగానికి ముందే రాసి నమోదు చేసే పద్ధతి మనోవిజ్ఞానంలో బలపడింది. మందుల ప్రయోగాలకు మన దేశంలో 2007 నుంచి జాతీయ నమోదు వ్యవస్థ ఉంది.

ఈ విషయంలో పత్రికల బాధ్యతను కూడా సవినయంగా ప్రస్తావిస్తున్నాను. పది పాఠశాలల్లో ఒకే శిక్షణ నడిచి, తొమ్మిదింటిలో ఏ మార్పూ లేకపోతే ఆ తొమ్మిదీ వార్త కావు. పదోది ఫొటోతో సహా వస్తుంది. పరిశోధకుల బల్ల సొరుగుల్లో ఉండిపోయే విఫల ప్రయోగాల గురించి రోజెంతాల్ 1979లో హెచ్చరించాడు; మన జిల్లా పేజీల్లోనూ అదే జరుగుతోంది. మీ విలేకరులను తప్పుపట్టడం లేదు. వారికి ఆహ్వానం అందేది విజయోత్సవ సభకే.

కళ్లకు గంతలు కట్టి పిల్లల చేత పుస్తకాలు చదివించే ప్రదర్శనలు కూడా మన పట్టణాల కల్యాణ మండపాల్లో జరుగుతున్నాయి గనుక ఒక మాట చేర్చాలి. అటువంటి ప్రదర్శన చూసేవారు పిల్లవాడి గడ్డాన్ని గమనించండి. పుస్తకాన్ని ఛాతీ దగ్గర పట్టుకుని తల కొంచెం పైకెత్తుతాడు. ముక్కుకు రెండు పక్కలా గంతకూ చెంపకూ మధ్య సన్నని సందు ఉంటుంది. గడ్డం కింద ఒక అట్టముక్క అడ్డం పెట్టమని మర్యాదగా అడగండి. ఆ అట్టముక్కే నియంత్రణ. అడిగినందుకు నిర్వాహకులు కోప్పడితే, తల్లిదండ్రులు అక్కడే ఒక నిర్ణయానికి రావచ్చు. పిల్లవాణ్ని మాత్రం ఎవరూ నిందించవద్దు. పెద్దలు మెచ్చుకుంటున్నారని చేస్తున్నాడు.

చేయగలిగిన పని ఒకటి ప్రతిపాదిస్తున్నాను. ఏదైనా శిక్షణను తమ బడిలో ప్రవేశపెట్టాలనుకునే యాజమాన్యం, ముందుగా ఒక తరగతి పిల్లలందరి పేర్లతో చీట్లు తీసి, సగం మందికి మొదటి అర్ధ సంవత్సరంలోనూ, మిగిలిన సగం మందికి రెండో అర్ధ సంవత్సరంలోనూ ఆ శిక్షణ ఇప్పించవచ్చు. ఎవరికీ నష్టం ఉండదు, ఆలస్యం మాత్రమే. తమ వంతు వచ్చేవరకు రెండో గుంపు గ్రంథాలయం పీరియడ్‌లో ఉంటుంది. తల్లిదండ్రులకు ఈ ఏర్పాటంతా ముందే చెప్పి వారి అంగీకారం తీసుకోవాలి. మొదటి అర్ధ సంవత్సరం ముగిశాక రెండు గుంపులకూ ఒకే గదుల్లో, ఒకే పూట, ఇదివరకు చూడని ప్రశ్నపత్రం ఇవ్వాలి. పరీక్ష నిర్వహణ, కోడ్ నంబర్లు, దిద్దుబాటు బయటివారి చేతిలో ఉండాలి. నెల్లూరు జిల్లాకు పల్లిపాడులోనూ, ప్రకాశం జిల్లాకు మైనంపాడులోనూ డైట్ (ఉపాధ్యాయ శిక్షణ) కళాశాలలు ఉన్నాయి. నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అక్కడి ఛాత్రోపాధ్యాయులకూ, పరిశోధక విద్యార్థులకూ ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. ఒక్క తరగతి చిన్నదే కాబట్టి అందులో తేలినదాన్ని అంతిమ తీర్పుగా తీసుకోకూడదు; మరో రెండు మూడు బడుల్లోనూ అదే విధంగా చేసి, ఫలితాలన్నిటినీ కలిపి చూడాలి.

మీ పత్రికను కోరేది ఇంతే. ఇకమీదట పిల్లల తెలివి, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెరిగాయన్న ప్రకటన ఏది వచ్చినా, పోల్చిన గుంపు ఉందా, ఆ గుంపులను ఎవరు ఎలా విడదీశారు, పరీక్ష పెట్టి దిద్దినవారికి ఏ పిల్లవాడు ఏ గుంపువాడో తెలుసా, మధ్యలో మానేసినవారిని లెక్కలోకి తీసుకున్నారా, ఖర్చు ఎవరు భరించారు అన్న ప్రశ్నలను మీ విలేకరి అడిగి, వచ్చిన జవాబులను, జవాబు రాకపోతే రాలేదన్న మాటను, వార్త కిందనే ప్రచురించండి. ఇటీవలి వార్తకు సంబంధించి కూడా ఆ శిక్షణ సంస్థ నుంచి ఈ వివరాలు తెప్పించి వేయవలసిందిగా మనవి. వారు పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ పరీక్షకు సిద్ధపడితే, ప్రశ్నపత్రం తయారీలోనూ కోడింగ్‌లోనూ ప్రతిఫలం తీసుకోకుండా సాయపడడానికి నేనూ, నా విద్యార్థులూ సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక మనోవిజ్ఞాన శాస్త్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.